మంటకు అడుగుల లెక్క లేదు

2025 జనవరి 7 ఉదయం పదిన్నర ప్రాంతంలో లాస్ ఏంజలెస్ పడమటి కొండల్లో పాలిసేడ్స్ మంట అని పేరుపడిన కార్చిచ్చు రాజుకుంది. ఆ సమయానికి అమలాపురంలో అర్ధరాత్రి, తేదీ 8కి మారుతోంది. కోనసీమలో నడివయసు దాటినవారు జనవరి 8ని అంత తేలిగ్గా మరచిపోరు. 1995లో అదే రోజున పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజుల పాటు ఆరలేదు. రెండు తేదీలు కలవడం కాకతాళీయమే, అందులో అర్థాలు వెతకనక్కర్లేదు. అయితే భోగి ఇంకా ఐదు రోజులుందనగా, టీవీలో ఆ దృశ్యాలు చూసి అమెరికాలోని పిల్లలకు ఫోన్లు చేసిన తల్లిదండ్రుల నోట మొదట వచ్చే ప్రశ్న మాత్రం ఆలోచించదగినది. మంట మీ ఇంటికి ఎంత దూరంలో ఉంది?

అది గోదావరి నేర్పిన ప్రశ్న. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆ మూడు మెట్లు 11.75, 13.75, 17.75 అడుగులు. లంక గ్రామాల్లో బడి మెట్లు ఎక్కనివారు కూడా ఈ అంకెలను తమ ఊరి లెక్కలోకి మార్చుకోగలరు. ఇంతకు చేరితే కాజ్‌వే మునుగుతుంది, ఇంకొంచెం పెరిగితే పంటు ఆపేస్తారు, ఆ పైన అరటి తోట మీద ఆశ వదులుకోవాలి, ఇంకా పెరిగితే పశువులను ఏటిగట్టు ఎక్కించాలి. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి ఆ అంకె వెంట కొంత వ్యవధి కూడా వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు నమోదైనప్పుడు, డెల్టాలో ఏ ఊరికి ఏమి రాబోతోందో ముందే తెలిసిపోయింది. తుపానుకూ దాదాపు ఇదే పద్ధతి. అది ఎక్కడ తీరం దాటుతుందో, ఎప్పుడు దాటుతుందో వాతావరణ శాఖ ముందుగా చెబుతుంది. కాకినాడ రేవులో నంబరు సూచిక ఎగురుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతి కాలంలో అంచనాలు మెరుగుపడి, జనాన్ని ముందే తరలించడం అలవాటై, ప్రాణనష్టం బాగా తగ్గింది.

ముందు కొలత, ఆ కొలత ఇచ్చే వ్యవధి, ఆ వ్యవధిలో అధికారి నుంచి వచ్చే ఆదేశం. డెల్టా భద్రత ఈ వరసలోనే నిలబడి ఉంది. కార్చిచ్చు వీటిలో మొదటిదాన్నే తీసేస్తుంది. దాంతో మిగతా రెండూ నమ్మదగినవి కాకుండా పోతాయి. నగరం అంచున అడవి అంటుకున్నప్పుడు అక్కడివారు పడే అవస్థను అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

డెల్టాకు పెద్ద మంట తెలియక కాదు. తెలిసిన మంటలు వేరే రకానివి. పాశర్లపూడి మంటకు ఒక చిరునామా ఉంది. ఇంధనం భూమిలోపలి నుంచి వచ్చేది, మంట బావి నోటి దగ్గరే నిలబడి మండేది. చుట్టూ కొంత మేర ఖాళీ చేయించి, ఆ గిరి బయట ఉన్నవారు ఆ హోరుతో, రాత్రిళ్ళు ఆ వెలుతురుతో రెండు నెలలు గడిపారు. భయం ఉన్నా, అది ఎక్కడుందో తెలిసిన భయం. రెండవ అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను నుంచి లీకైన వాయువు ఇళ్ళ మధ్యకు పాకి ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు, ఇళ్ళు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. అక్కడ ఎవరికీ ఏ వ్యవధీ దొరకలేదు. కదలని మంట ఒకటి, క్షణాల్లో ముగిసిన మంట ఒకటి. కార్చిచ్చు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అది కదులుతుంది, దిశ మారుస్తుంది, గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. ఆలోచించుకోవడానికి సమయం ఇస్తుంది కానీ ఎంత ఇస్తుందో చెప్పదు. మనిషిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే.

దూరం ఎందుకు పనికిరాదో 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణం చూపించింది. ఉదయం ఆరున్నర ప్రాంతంలో, పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా దూరాన, పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ విద్యుత్ టవరు మీద అరిగిపోయిన కొక్కెం ఒకటి విరిగి తీగ జారి, మంట పుట్టింది. ఎనిమిది గంటల ప్రాంతానికే పట్టణం తూర్పు అంచు మండుతోంది. పది కిలోమీటర్లంటే అమలాపురంలో ఉన్నవారికి పొరుగు మండలం సంగతి. వరద అయితే అంత దూరంలో ఉన్న గండి గురించి కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. సుమారు 26,000 జనాభా ఉన్న ఆ పట్టణంలో, దాని చుట్టుపక్కల 85 మంది చనిపోయారు. 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఆ సంస్థ తర్వాత 84 మంది మరణాల విషయంలో కోర్టులో నేరాన్ని ఒప్పుకుంది.

ఆ వేగానికి మూలం నిప్పురవ్వలు. టీవీలో కనిపించే ఎర్రటి మంటల గోడ ఊరి మీదికి నడిచివచ్చి ఇళ్ళను మింగుతుందన్నది చాలామంది ఊహ. జరిగేది ఎక్కువగా అది కాదు. బలమైన గాలికి కాలుతున్న బెరడు ముక్కలు, పైన్ కాయలు, చెక్క పెళ్ళలు ఎగిరి మంట కంటే కిలోమీటరు, అంతకు మించిన దూరం ముందుకు వెళ్ళి పడతాయి. పడిన చోటల్లా కొత్త మంట. అందువల్ల మంట ఊరి అంచుకు రాకముందే ఊరి మధ్యలో పది చోట్ల ఇళ్ళు అంటుకుని ఉంటాయి. ఈ సంగతిని తాటాకు ఇళ్ళ కాలం చూసినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఒక పాక అంటుకుంటే, పక్కన ఉన్న రెండు పాకలను వదిలి వీధి చివరి పాక అంటుకోవడం, గంటలోపు పేట మొత్తం మొండిగోడలుగా మిగలడం డెల్టా పల్లెల్లో ఒకప్పుడు వేసవి వార్త. అప్పుడు తెలివైనవారు మంట దగ్గరికి పరుగెత్తేవారు కాదు. తమ కప్పు మీదికి తడిపిన గోనెసంచులతో ఎక్కి, పడే రవ్వను పడినట్టే ఆర్పేవారు. కాలిఫోర్నియాలోని కోటి డాలర్ల భవంతికీ, ఆ పాకకూ కాలే పద్ధతిలో తేడా అనుకున్నంత లేదు.

అమెరికా అటవీ సేవా విభాగంలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు కాలిన ఇళ్ళను పరిశీలించి చెప్పింది ఇదే. ఇల్లు కాలుతుందా లేదా అన్నది అడవి ఎంత పెద్దగా మండుతోందన్నదాని కంటే, ఇంటి గోడకు ఆనుకుని ఏముందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కాలిన వీధుల ఫోటోలలో ఇల్లు బూడిదై, పక్కన చెట్టు పచ్చగానే నిలబడి ఉండటం అందుకే కనిపిస్తుంది. దీన్ని బట్టి కాలిఫోర్నియాలో ఇంటి చుట్టూ మొదటి ఐదు అడుగుల మేర మండే వస్తువేదీ ఉంచకూడదన్న నియమం తేవాలని 2020లో చట్టం చేశారు. కోనసీమలో ఏ ఇంటి చుట్టూ చూసినా ఆ ఐదు అడుగుల్లోనే కొబ్బరి మట్టల కట్టలు, ఎండిన డొక్కలు, పిడకలు ఉంటాయి. ఇక్కడి తేమకు, కాలువలకు అది చెల్లుతోంది. అక్కడికి వెళ్ళి ఇల్లు కొనుక్కున్నవారు గోడ పక్కన చెక్కపొట్టు పరిచి, పూలమొక్కలు పెట్టి, చెక్క కంచెను ఇంటికి ఆనించడం కూడా ఇదే అలవాటుకు ఖరీదైన రూపం.

అటక సంగతి మరీ ముఖ్యం. వరద వస్తోందంటే డెల్టాలో విలువైనదంతా పైకి వెళుతుంది. బియ్యం బస్తాలు, పట్టాదారు పాస్ పుస్తకం, పెట్టెలోని పట్టుచీరలు అటక మీద ఉంటే సగం నిశ్చింత. అమెరికా చెక్క ఇళ్ళలో మొదట అంటుకునే చోట్లలో అటక ఒకటి. గాలి ఆడటానికి కప్పు అంచున వదిలిన కంతల్లోంచి రవ్వలు లోపలికి దూరి, దుమ్ముపట్టిన అట్టపెట్టెల మీద పడి, బయటివారికి ఏమీ కనిపించకుండానే ఇల్లు లోపలి నుంచి మండటం మొదలవుతుంది. ఆ కంతలకు సన్నటి లోహపు జల్లెడ బిగించడం లక్షల విలువైన ఇంటికి కొద్దిపాటి ఖర్చు. అయినా ఎక్కువమంది చేయించుకోరు. ఏ దేశంలోనైనా ముందుజాగ్రత్త ఖర్చు వాయిదా పడటంలో ఒక సమానత్వం ఉంది.

నీటికి నేర్చిన తెలివి నిప్పు దగ్గర ఎదురు తిరగడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లహైనా. హవాయి దీవుల్లో మావీ తీరాన ఉన్న ఈ పట్టణం చెరకు తోటల ఊరు. అక్కడి చక్కెర మిల్లు 1999లో మూతపడ్డాక తోటలు బీళ్ళయి, వాటి నిండా బయటి నుంచి వచ్చిన గడ్డి జాతులు పెరిగి ఎండిపోయాయి. 2023 ఆగస్టు 8న దూరంగా సముద్రంలో సాగుతున్న తుపాను ఒకటి గాలుల బలం పెంచింది. ఉదయం ఆరిపోయిందనుకున్న మంట మధ్యాహ్నం మళ్ళీ లేచి పట్టణాన్ని చుట్టేసింది. 102 మంది చనిపోయారు. హవాయిలో తీరం పొడవునా సైరన్లున్నాయి, ప్రతి నెలా వాటిని మోగించి చూస్తారు. ఆ రోజు మోగించలేదు. ఎందుకు మోగించలేదని అడిగితే, జనం దాన్ని సునామీ సైరన్ అనుకుని కొండవైపు పరుగెత్తేవారని, మంట ఉన్నది అటే కదా అని అత్యవసర విభాగం అధిపతి సమాధానం చెప్పాడు. మర్నాడు రాజీనామా చేశాడు. ఆ సమాధానం మీద అక్కడ పెద్ద దుమారం రేగింది. అందులో తప్పించుకునే ధోరణి ఉన్న మాట నిజమే. కానీ ఆ వాదాన్ని కొట్టిపారేయడం కూడా కుదరదు. తీరంలో పుట్టి పెరిగినవారి కాళ్ళకు ఒకే దిశ తెలుసు. ఓడలరేవులోనో అంతర్వేదిలోనో అర్ధరాత్రి సైరన్ మోగితే జనం మేడ ఎక్కుతారు, ఏటిగట్టు ఎక్కుతారు, తుపాను రక్షిత భవనంలోకి వెళ్ళి తలుపులు వేసుకుంటారు. ప్రమాదం పేరు చెప్పకుండా మోగే గంట, జనానికి పాతగా తెలిసిన ప్రమాదం వైపే వారిని నడిపిస్తుంది. లహైనాలో ఫోన్లు, కరెంటు పోయాయి కాబట్టి ఆ పేరు చెప్పే మార్గం కూడా మిగల్లేదు. చివరికి కొందరు సముద్రంలోకి దూకి గంటల తరబడి నీళ్ళలోనే ఉండి బతికారు.

గాలి విషయంలోనూ ఇలాంటి తిరకాసే. డెల్టావారికి సముద్రం మీది నుంచి వచ్చే గాలే భయం, మెట్ట నుంచి వచ్చేది ఉక్కపోసే వడగాలి మాత్రమే. దక్షిణ కాలిఫోర్నియాలో సముద్రపు గాలి తేమ తెచ్చే చుట్టం. ఎడారి వైపు నుంచి కొండలు దిగి సముద్రం వైపు దూసుకుపోయే శాంటా ఆనా గాలులే అక్కడ యముళ్ళు. దిగుతున్న కొద్దీ ఆ గాలి వేడెక్కి, ఆకుల్లో మిగిలిన తడిని కూడా పీల్చేస్తుంది. ఈ గాలి, ఎండు వాతావరణం కలిసే రోజుల్లో అక్కడి వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఇస్తుంది. దాని అర్థం ఎక్కడో మంట ఉందని కాదు, ఎక్కడ రవ్వ పడినా ఆపలేమని. తుపాను ఉంది గానీ అది ఎక్కడుందో చెప్పలేం అన్నట్టుండే ఈ ప్రకటనను, కొత్తగా వెళ్ళినవారు రెండుసార్లు చూసి మూడోసారి నుంచి పట్టించుకోవడం మానేస్తారు.

మంట పుట్టాక వచ్చేవి రెండు. సిద్ధంగా ఉండండి, ముసలివారు, నెమ్మదిగా కదిలేవారు ఇప్పుడే బయలుదేరండి అనే హెచ్చరిక మొదటిది. వెంటనే వెళ్ళిపొండి అనే ఉత్తర్వు రెండవది. ముందు హెచ్చరిక, తర్వాత ఉత్తర్వు అన్న వరస కాగితం మీద ఉంటుంది, మంట దాన్ని పాటించదు. 2025 జనవరి 7 సాయంత్రం ఆరు దాటాక మొదలైన ఈటన్ మంటలో, లాస్ ఏంజలెస్ దగ్గరి ఆల్టడీనా అనే ఊరి తూర్పు భాగానికి ఉత్తర్వులు ఆ రాత్రే వెళ్ళాయి. పడమటి భాగానికి తెల్లవారుజామున మూడు దాటాక గానీ వెళ్ళలేదు. అప్పటికే అక్కడ ఇళ్ళు మండుతున్నాయి. ఆ మంటలో చనిపోయినవారిలో అత్యధికులు ఆ పడమటి భాగం వారే. ఆ తర్వాత రెండు రోజులకు, ఒక చిన్న ప్రాంతానికి పంపాల్సిన హెచ్చరిక పొరపాటున లాస్ ఏంజలెస్ కౌంటీ, అంటే జిల్లా మొత్తానికి, దాదాపు కోటి మంది ఫోన్లకు వెళ్ళింది. రావాల్సినవారికి రాలేదు, అక్కర్లేనివారికి వచ్చింది. దీన్నుంచి అక్కడివారు నేర్చుకుంటున్నది ఒకటే. ఉత్తర్వు కోసం ఎదురుచూడటం ఒక పందెం. పొగ దిశ, గాలి దిశ చూసి, అనుమానం కలిగినప్పుడే కదలాలి. పది సార్లలో తొమ్మిది సార్లు ఆ ప్రయాణం వృథా అవుతుంది. ధవళేశ్వరం అంకె చూసి కదిలే అలవాటున్నవారికి ఈ వృథాను మింగడమే కష్టం.

ఆస్ట్రేలియా ఈ పాఠాన్ని ఇంకా ఎక్కువ మూల్యానికి నేర్చుకుంది. ముందే వెళ్ళిపోండి, లేదా ఉండి ఇంటిని కాపాడుకోండి అన్నది అక్కడ చాలాకాలం చెల్లిన విధానం. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయాక, కొన్ని రోజుల్లో ఏ ఇల్లూ కాపాడదగినది కాదని, వెళ్ళిపోవడం ఒక్కటే మార్గమని చెప్పే అత్యున్నత ప్రమాద స్థాయిని ప్రవేశపెట్టారు.

బయలుదేరాక దారి సమస్య. కెనడాలో చమురు ఇసుకల నగరం ఫోర్ట్ మెక్‌మరీకి దక్షిణాన బయటపడే ప్రధాన రహదారి ఒక్కటే, హైవే 63. 2016 మే 3 ఉదయం అక్కడ ఆకాశం బాగానే ఉంది, పిల్లలు బడికి వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి మారింది. దాదాపు 88,000 మంది ఒకే రోజు కదిలారు. కొందరు దక్షిణానికి మంటల పక్కనుంచే కార్లు నడిపారు, కొందరు ఉత్తరాన చమురు కంపెనీల క్యాంపులకు వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ కదలాల్సి వచ్చింది. సుమారు 2,400 కట్టడాలు కాలినా, మంటల్లో చిక్కి ఎవరూ చనిపోలేదు. తరలింపు సమయంలో రోడ్డు ప్రమాదంలో ఇద్దరు పోయారు. కోనసీమకు ఈ ఒక్క దారి బాధ తెలుసు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఈ నేల నుంచి బయటపడాలంటే రావులపాలెం, యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ లాంటి కొన్ని వంతెనలే దిక్కు. ఆ వంతెనలు రాక ముందు పంటు కోసం రేవులో గంటలు నిలబడినవారు ఇంకా ఉన్నారు. నగరం ఖాళీ అవుతున్నప్పుడు రోడ్డు ఎంతమందిని మోయగలదన్నది మంట ఎంత పెద్దదన్నదానితో సమానమైన ప్రశ్న. పాలిసేడ్స్‌లో సన్‌సెట్ బులవార్డ్ మీద జనం కార్లు వదిలి నడిచి వెళ్ళిపోతే, అగ్నిమాపక వాహనాలకు దారి కోసం బుల్డోజరుతో ఆ కార్లను పక్కకు నెట్టాల్సి వచ్చింది.

పక్కనే పసిఫిక్ మహాసముద్రం పెట్టుకుని పాలిసేడ్స్‌లో మంట ఆర్పడానికి నీళ్ళు లేవంటారేమిటని ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోయారు. ఫర్లాంగుకో కాలువ ఉన్న చోట అది న్యాయమైన సందేహమే. వీధుల్లోని నీటి కుళాయిలు ఒకటి రెండు ఇళ్ళు కాలితే సరిపోయేలా కట్టినవి. వందల ఇళ్ళు ఒకేసారి మండి, ప్రతి కాలిన ఇంట్లో పైపులు తెగి నీరు కారిపోతుంటే కొండ మీది ట్యాంకులు నిండే లోపే ఖాళీ అవుతాయి. సముద్రపు నీటిని ముంచుకుని పోసే విమానాలు, హెలికాప్టర్లు ఉన్నాయి, వాడారు కూడా. కానీ మొదటి రాత్రి గాలికి అవి ఎగరలేకపోయాయి. మంట ఎక్కువ నష్టం చేసిందీ అప్పుడే.

పొగ గురించి రెండు మాటలు చాలు. మంట రాని ఊరికీ పొగ వస్తుంది. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పగలంతా నారింజ రంగు చీకటి కమ్మింది. ఊపిరితిత్తుల్లోకి దిగిపోయే పీఎం 2.5 కణాలను ముక్కుకు కట్టుకున్న తడి తుండుగుడ్డ ఆపలేదు. ఎన్95 మాస్కు కావాలి, ఒక గదినైనా కిటికీలు బిగించి గాలి శుద్ధి యంత్రంతో ఉంచుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు మంట దూరంగా ఉన్నా ముందే ఊరు మారడం మంచిది.

నగరం కాలకపోయినా అందులోని జనానికి ఆ బెదిరింపు ఒక పెద్ద అనుభవమే. కెనడా ఉత్తరాన ఉన్న ఎల్లోనైఫ్ నగరాన్ని 2023 ఆగస్టు 16న ఖాళీ చేయమన్నారు. సుమారు 20,000 మంది రోడ్డు మీద, విమానాల్లో వందల కిలోమీటర్లు వెళ్ళారు. నగరం కాలలేదు. అయినా మూడు వారాల పాటు, ఇల్లు ఉందో లేదో రోజూ ఉపగ్రహ చిత్రాలు చూసుకుంటూ, ఎవరి ఇంట్లోనో, ఏ హాలులోనో గడిపారు. వరద పునరావాస కేంద్రంలో ఉన్నవారికి నీరు ఎంత తీసిందో సాయంత్రానికి కబురు అందుతుంది. కార్చిచ్చు నుంచి తప్పుకున్నవారికి అలాంటి కబురు ఉండదు. అప్పటికి ఆరిందన్న మంట నేల కింద పీట్ అనే కుళ్ళిన మొక్కల పొరల్లో, వేళ్ళలో రాజుకుంటూనే ఉండవచ్చు.

తిరిగి వెళ్ళడమూ వేరుగా ఉంటుంది. వరద తీశాక కడిగేది బురద, అందులో కొంత చేనుకు ఒండ్రుగా పనికొస్తుంది కూడా. కాలిన ఊరి బూడిదలో సీసం, ఆస్బెస్టాస్, కరిగిన బ్యాటరీల రసాయనాలు ఉంటాయి, దాన్ని ఇంటివాళ్ళు చీపురుతో ఊడ్చుకోకూడదు. ప్యారడైజ్‌లో నిలబడిన ఇళ్ళకు కూడా నెలల తరబడి మంచినీళ్ళు లేవు, కాలిన ప్లాస్టిక్ పైపుల మూలంగా నీటి సరఫరా వ్యవస్థలోకి బెంజీన్ అనే విష రసాయనం చేరింది. ఇల్లు నిలబడ్డా పొగ వాసన గోడల్లో మిగులుతుంది. ఆ నష్టం ఎంతన్న దాని మీద బీమా కంపెనీతో వాదన ఏడాది దాటవచ్చు. అసలు బీమా ఉండటమే ఈమధ్య గగనమైంది. స్టేట్ ఫార్మ్ సంస్థ కాలిఫోర్నియాలో 72,000 పాలసీలను కొనసాగించబోమని 2024 మార్చిలో, అంటే పాలిసేడ్స్ మంటకు పది నెలల ముందే ప్రకటించింది. ప్రమాదాన్ని జనం కంటే ముందు లెక్కగట్టింది వ్యాపారం.

ఇక డెల్టా కుటుంబాలకు నేరుగా తగిలే విషయం. ప్యారడైజ్ మృతుల్లో ఎక్కువమంది 65 ఏళ్ళు దాటినవారు. ఆల్టడీనాలోనూ వృద్ధులే ఎక్కువ. కారు నడపలేనివారు, ఫోను హెచ్చరిక చూడనివారు, చూసినా ఒంటరిగా కదలలేనివారు. ఈ వర్ణన ఎవరికి సరిపోతుందో ఒకసారి ఆలోచిస్తే, మనవడినో మనవరాలినో చూసుకోవడానికి ఆరు నెలల వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రులు కళ్ళముందు కనిపిస్తారు. పగలు పదకొండు గంటలకు కొడుకు, కోడలు ఆఫీసుల్లో ఉంటారు. ఇంట్లో అమ్మ, నాన్న, ఏడాది బిడ్డ. వారి చేతిలోని ఫోను ఇండియా నంబరుతో వైఫై మీద నడుస్తుంటుంది. సెల్ టవరు నుంచి వచ్చే అత్యవసర సందేశం దానికి చేరకపోవచ్చు, చేరినా ఇంగ్లీషులోనో స్పానిష్‌లోనో ఉంటుంది. బయట పొగ కనిపిస్తే డెల్టా అలవాటు చెప్పే మాట ఒకటే, తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండమని. తుపానుకు అది సరైన మాట. పక్కింటివారు ఎవరో తెలియదు. పిల్లలు ఫోను ఎత్తకపోతే, మీటింగులో ఉన్నారేమోనని మళ్ళీ చేయడానికి కూడా మొహమాటపడే తరం అది.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు, కానీ ఎవరూ చేయని చిన్న ఏర్పాట్లు కావాలి. వెళ్ళిన వారంలోనే వారికి స్థానిక నంబరున్న సిమ్ వేయించాలి. కాలిఫోర్నియాలో చాలా కౌంటీలు తరలింపు కోసం తమ ప్రాంతాన్ని జోన్లుగా విభజించి ఒక్కోదానికి ఒక కోడ్ ఇచ్చాయి, ఉత్తర్వులు ఆ కోడ్ పేరుతోనే వస్తాయి. ఇంటి చిరునామాతో పాటు ఆ కోడ్‌ను తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. కారున్న పక్కింటివారిని పరిచయం చేసి, అవసరమైతే మా అమ్మానాన్నలను, బిడ్డను తీసుకుని బయలుదేరండి, మాకోసం ఆగవద్దు అని వారికి ముందే చెప్పి ఉంచాలి. పాస్‌పోర్టులు, బీపీ, షుగరు మందులు, బిడ్డకు కావాల్సినవి, మూసిన బూట్లు ఒక సంచిలో తలుపు దగ్గర ఉండాలి. బంగారం కోసం పడకగదికి వెనక్కి వెళ్ళకూడదన్నది ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

కరెంటు పోతే గ్యారేజీ తలుపు బటను నొక్కినా తెరుచుకోదు. 2017లో ఉత్తర కాలిఫోర్నియా మంటల్లో ఇలా గ్యారేజీల్లో చిక్కుకున్నవారున్నారు. ఆ తర్వాతే, 2019 జూలై నుంచి కొత్తగా అమర్చే మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. పాత ఇళ్ళలో మాత్రం పాత మోటార్లే. పైన పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడును కిందికి గుంజితే మోటారు విడిపోతుంది, తర్వాత తలుపును రెండు చేతులతో పైకి ఎత్తవచ్చు. డెబ్బై ఏళ్ళవారికి అది బరువే. కాబట్టి పిల్లలు దగ్గరుండి ఒకసారి ఎత్తించి చూడాలి. ఎత్తలేకపోతే, గ్యారేజీ జోలికి పోకుండా ముందు తలుపు నుంచే బయటికి నడవమని చెప్పాలి.